శస్త్రచికిత్స పిదప పసివాని కట్టు

మగ శిశువులలో కొందరికి మూత్రద్వారము శిశ్నము కొనయందు గాక, క్రిందివైపున వేరొకచోట ఏర్పడియుండును. వైద్యులు దీనిని హైపోస్పాడియాస్ అందురు. సుమారు 200 నుండి 300 మంది మగ శిశువులలో ఒకరికి ఈ లోపము కనిపించును. గర్భమందు అవయవములు రూపొందు దశలోనే ఇది ఏర్పడును గాని, తల్లి గ్రహణము చూచుటవలన వచ్చునది కాదు. సాధారణముగా 6 నుండి 18 నెలల వయస్సులో శస్త్రచికిత్సచే దీనిని సరిదిద్దుదురు.

చికిత్స ముగిసి బిడ్డ ఒడికి చేరినప్పుడు తల్లిని కలవరపెట్టునది ఆ కట్టే. అది చేయు పని మూడు విధములు: వాపును, రక్తము చేరుటను అదుపులో నుంచుట; కొత్త కుట్లు కదలకుండ చూచుట; మలము తగులకుండ కాపాడుట. అయితే కట్టు ఉన్న బిడ్డలను, లేని బిడ్డలను పోల్చి 2000, 2001 సంవత్సరములలో ప్రకటించిన పరిశీలనలలో, గాయము మానుటయందు చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కావున ఒక వైద్యుడు వారము దినములు కట్టు ఉంచినను, మరియొకరు రెండు దినములకే తీసినను ఆశ్చర్యపడ నక్కరలేదు. కట్టు దానంతట అది ముందుగా జారిపోయినంత మాత్రమున చికిత్స చెడినట్లు కాదు. వైద్యునకు తెలియజేసిన చాలును.

పెక్కుమంది బిడ్డలకు మూత్రము పోవుటకు సన్నని గొట్టము కూడ అమర్చుదురు. అట్టివారికి రెండు డైపర్లు తొడుగుట మంచి పద్ధతి. లోపలిదానికి చిన్న రంధ్రము చేసి, గొట్టపుకొనను దానిగుండ వెలుపలికి తీయవలెను. లోపలిది మలమును, వెలుపలిది మూత్రమును గ్రహించును. గాయము శుభ్రముగా నుండును. గొట్టము మడతపడకుండ, లాగబడకుండ చూడవలెను.

గాయమునకు అంటుకొన్న గుడ్డను పెరికివేయరాదు. వైద్యుని అనుమతితో గోరువెచ్చని నీటిలో నానబెట్టిన మెల్లగా ఊడివచ్చును. పసుపు, బూడిద, పౌడరు వంటివేవియు అద్దరాదు. కట్టు తీసిన పిదప వాపు, కమిలిన రంగు, పలుచని పసుపుపచ్చని పొర కానవచ్చుట సహజమే. ఆ పొరను చీమనుకొని గీకరాదు.

కాని కట్టు తడిసిపోవునంతగా రక్తము కారినను, కొన నల్లబడినను, జ్వరము గాని దుర్వాసన గాని కలిగినను, గంటల తరబడి మూత్రము రాకున్నను తెల్లవారువరకు వేచియుండరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. బిగువైన కట్టు రక్తప్రసారమును అడ్డగించవచ్చును. ఇంటివారు చేయదగినది కట్టును మాటిమాటికి విప్పి చూచుట కాదు. ఈ గుర్తులను కనిపెట్టియుండుట.