సున్నం కాల్చిన కంటికి చూపు ఎలా తిరిగి వస్తుంది?

కంట్లో సున్నం పడితే చూపు ఎందుకు పోతుంది?

తమలపాకుకు రాసుకునే సున్నం మెత్తగా, చల్లగా కనిపిస్తుంది గానీ అది ఘాటైన క్షారం. యాసిడ్ పడినప్పుడు కంటి పైభాగంలోని ప్రొటీన్లు గడ్డకడతాయి. ఆ గడ్డే యాసిడ్‌ను మరింత లోపలికి పోకుండా కొంతవరకు అడ్డుకుంటుంది. క్షారానికి అలాంటి అడ్డు లేదు. కణాల చుట్టూ ఉండే పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చేస్తూ లోలోపలికి దిగిపోతుంది. సున్నం పలుకు పైరెప్ప కింద ఇరుక్కుందంటే అక్కడే ఉండి కొద్దికొద్దిగా కరుగుతూ కంటిని కాలుస్తూనే ఉంటుంది. కిళ్లీకొట్లో దొరికే చిన్న సున్నం ప్యాకెట్‌ను పిల్లలు ఆటగా పిసుకుతారు. అది పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది.

అలా జరిగితే మొదటి పని నీళ్లు. దగ్గర్లో ఉన్న శుభ్రమైన నీళ్లతో, రెప్పలు విప్పి పట్టుకుని, కనీసం అరగంట ధారగా కడగాలి. పైరెప్ప ఎత్తి అక్కడ చిక్కిన పలుకులు కొట్టుకుపోయేలా చూడాలి. చనుబాలు, ఆముదం, ఆకుపసరు ఏవీ పోయకండి. కడిగాకే ఆసుపత్రికి బయలుదేరాలి. ఆ మొదటి నిమిషాల్లో కడిగిన కన్నుకీ, కడగకుండా పరుగెత్తించిన కన్నుకీ తేడా జీవితాంతం ఉంటుంది.

మంట తగ్గాక కూడా కన్ను మసకబారుతూ పోతుందెందుకు?

కొత్త కణాలను పుట్టించే మూలకణాల (స్టెమ్ సెల్స్) కథ ఇక్కడ మొదలవుతుంది. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. రక్తనాళాలు ఉండవు, అందుకే వెలుతురు అడ్డు లేకుండా లోపలికి పోతుంది. దాని పైభాగాన ఐదారు వరుసల కణాలతో పల్చని తొడుగు ఉంటుంది. రెప్ప వాల్చిన ప్రతిసారీ, దుమ్ము తగిలిన ప్రతిసారీ ఆ తొడుగు పైవరుస కణాలు కొన్ని రాలిపోతాయి. వారం పది రోజుల్లో తొడుగు మొత్తం కొత్తదవుతుంది. బతికినన్నాళ్లూ ఇది ఆగదు.

ఆ కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తాయో శాస్త్రవేత్తలకు చాలాకాలం తెలియలేదు. 1980లలో జరిగిన పరిశోధనలు దానికి జవాబిచ్చాయి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచును లింబస్ అంటారు. కార్నియాకు కావలసిన మూలకణాలు ఆ సన్నటి అంచులో ఉంటాయి. మూలకణం రెండుగా చీలినప్పుడు ఒకటి మూలకణంగానే మిగిలిపోతుంది, రెండోది పనికి బయలుదేరుతుంది. అంచు నుంచి నడిమధ్యకు జరుగుతూ, దారిలో మళ్లీమళ్లీ చీలుతూ, చివరకు తొడుగులో తన చోటు చేరుతుంది. వరిపొలానికి నారుమడి ఎలాంటిదో కార్నియాకు లింబస్ అలాంటిది. అక్కడ పక్కనే రక్తనాళాలున్నాయి, ఆహారం అందుతుంది. ఎండ దెబ్బ తగలకుండా రంగుకణాలు కాపు కాస్తాయి.

ఆ అంచు ఇంకో పని కూడా చేస్తుంది. తెల్లగుడ్డు మీది పొర, దాని రక్తనాళాలు కార్నియా మీదికి రాకుండా ఆపుతుంది. సున్నం ఆ అంచును కాల్చేసిందనుకోండి, తొడుగుకు కొత్త కణాలు రావు, సరిహద్దూ ఉండదు. తెల్లగుడ్డు మీది పొర నెత్తుటి నాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది. గాయం మానినట్టే కనిపిస్తుంది, చూపు మాత్రం నెలనెలా తగ్గిపోతుంది. ఊళ్లలో దీన్ని కంట్లో పువ్వు పడింది అంటారు.

దానం చేసిన కార్నియా పెడితే సరిపోదా?

సరిపోదు. నేత్రదానంలో వచ్చిన కార్నియాను అమర్చినప్పుడు దాని పైతొడుగు కణాలు శాశ్వతంగా ఉండవు. వాటి స్థానంలోకి పుచ్చుకున్నవారి అంచు నుంచే కొత్త కణాలు రావాలి. అంచు చచ్చిపోయిన కంట్లో అవి రావు. ఎంత మంచి కార్నియా అయినా కొద్దికాలంలో మళ్లీ తెల్లబారుతుంది. ముందు అంచును బాగుచేయాలి. లోపలి పొరల్లో మచ్చ మిగిలితే ఆ తర్వాత కార్నియా మార్చవచ్చు.

మరి మూలకణాలను ఎక్కడి నుంచి తెస్తారు?

రెండో కన్ను బాగుంటే దాని అంచు నుంచే. 1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు మంచి కంటి అంచు నుంచి పెద్ద ముక్కలు తీసి పాడైన కంటిలో అతికించారు. ఫలితం వచ్చింది గానీ ఉన్న ఒక్క మంచి కన్నుకీ ముప్పు తెస్తామేమోనన్న భయం పోలేదు. 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలె డి లూకా బృందం చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో కణాలను పెంచి, ఆ పొరను అమర్చి చూపించింది.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001లో ఈ పని అందుకుంది. కాన్పులో వచ్చే మాయ లోపలి పల్చని పొర మీద కణాలను పెంచారు. వాటికి జంతువుల నుంచి తీసిన పదార్థాలేవీ వాడకుండా, రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరమ్ వాడారు. 200 మంది మీద పదేళ్ల అనుభవాన్ని 2011లో ప్రకటించారు. 71 శాతం మందిలో కంటి ఉపరితలం నిలకడగా బాగుపడింది.

ఇంత చేసినా, కణాలు పెంచడానికి ప్రత్యేకమైన ల్యాబు కావాలి, రెండుసార్లు ఆపరేషన్ కావాలి. అలాంటి ల్యాబు ఎన్ని ఊళ్లలో ఉంటుంది? అక్కడి వైద్యులు వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు తదితరులు 2012లో దీనికి చెప్పిన జవాబు నాకు వైద్యశాస్త్రంలో ఎంతో ఇష్టమైన ఆలోచనల్లో ఒకటి. కణాలను ల్యాబులో పెంచడమెందుకు, కంట్లోనే పెరగనిద్దాం అన్నారు.

పద్ధతి ఇదీ. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న ముక్క తీస్తారు. పాడైన కంటి మీద పాకిన పొరను జాగ్రత్తగా ఒలిచేస్తారు. సిజేరియన్ కాన్పుల్లో తల్లి అనుమతితో సేకరించి, పరీక్షించి, భద్రపరిచిన మాయ పొరను ఫైబ్రిన్ జిగురుతో పరుస్తారు. తెచ్చిన ముక్కను ఎనిమిది పది తునకలు చేసి, చూపు పడే నడిమధ్యను వదిలి, చుట్టూ ఎడంఎడంగా అదే జిగురుతో అతికిస్తారు. పైన మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెడతారు. కొద్దివారాల్లో తునకల నుంచి కణాలు పాకి ఒకదానితో ఒకటి కలిసి కొత్త తొడుగు కడతాయి. ముక్క ఇచ్చిన కన్ను త్వరగానే మానుతుంది. దీన్ని వైద్యులు స్లెట్ అంటారు. ఒకే ఆపరేషన్, ల్యాబు అక్కర్లేదు. 125 మందికి చేసిన ఫలితాలను 2016లో ప్రకటించారు. ఆ 125 మందిలో దాదాపు సగం మంది పిల్లలు, మొత్తం మీద 76 శాతం మందిలో విజయవంతమైంది. ఈ పద్ధతిని ఇప్పుడు ఇతర దేశాల్లోనూ వాడుతున్నారు.

పిల్లల విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. చిన్న వయసులో ఆ కన్ను ఏళ్లతరబడి మూసుకుపోయి ఉంటే మెదడు దానితో చూడటం నేర్చుకోదు. తర్వాత ఉపరితలం ఎంత బాగుపడినా చూపు పూర్తిగా రాదు.

రెండు కళ్లూ పోతే?

అప్పుడు కష్టమే. మందులు పడక వచ్చే స్టీవెన్స్ జాన్సన్ జబ్బులో తరచూ రెండు కళ్లూ దెబ్బతింటాయి. తోబుట్టువుల నుంచి గానీ చనిపోయినవారి నుంచి గానీ ముక్క తీసుకోవచ్చు. కానీ అవి పరాయి కణాలు, శరీరం తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు దీర్ఘకాలం వాడాలి. జపాన్‌లో ఒసాకాకు చెందిన కోజి నిషిదా బృందం నోటి లోపలి పొర కణాలతో ప్రయత్నించి 2004లో ఫలితాలు ప్రకటించింది. అదే బృందం, మామూలు కణాలను వెనక్కి మళ్లించి చేసిన మూలకణాల నుంచి కార్నియా పొరలు పెంచి నలుగురికి అమర్చింది. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. ఆశ కలిగించేవే గానీ నలుగురితో చికిత్స స్థిరపడదు.

మరి మూలకణాలతో ఆటిజం, మోకాళ్ల నొప్పులు, రెటీనా జబ్బులు తగ్గుతాయంటున్నారే?

కంటి అంచు విషయంలో ఆ కణం ఎక్కడ ఉంటుందో తెలుసు, ఏ పని చేస్తుందో తెలుసు, అది పోతే ఏమవుతుందో తెలుసు. దాన్ని దాని సొంత పనికే తిరిగి పెడుతున్నాం. రక్తపు జబ్బులకు ఎముక మజ్జ మార్పిడి పనిచేయడానికీ కారణం ఇదే. పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను కంట్లోకి సూదితో ఎక్కిస్తే అవి రెటీనా అయిపోవు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో అలా రెండు కళ్లకీ ఎక్కించుకున్న ముగ్గురు వృద్ధ మహిళల చూపు ఘోరంగా దెబ్బతిన్నదని 2017లో వైద్య పత్రికలో వచ్చింది. రక్త సంబంధ జబ్బుల్లో చేసే మార్పిడి తప్ప మూలకణ చికిత్సలన్నీ అప్పటికి పరిశోధన దశలోనివేనని మన దేశపు 2017 మార్గదర్శకాలు చెప్పాయి.

కాబట్టి మీ బిడ్డకో, అమ్మానాన్నలకో మూలకణాలు ఎక్కిస్తామని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఆ కణాలు ఎక్కడివి? ఒంట్లో ఏ పని చేస్తాయి? ఇది ప్రయోగమైతే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఎంత? మూడింటికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే ఒక్క రూపాయి కూడా కట్టకండి.