పైదారము - క్రిందిదారము

తోలు కుట్టు మిషనులో రెండు దారములు పనిచేయును. పైదారము సూదితో దిగును. క్రిందిదారము బాబినులో నుండును. ఆ రెండును తోలు మందము నడుమ పెనవేసికొని, ముడి బయటికి కానరాకుండవలెను. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషను వేసినదియు ఈ కుట్టే.

ఇందలి చిక్కు చిత్రమైనది. తోలు అడుగున దారము ఉచ్చులు ఉచ్చులుగా వ్రేలాడినచో చూచువారు బాబినును నిందింతురు. తప్పు తరచుగా పైదారముదే! దానిని బిగబట్టు రెండు బిళ్ళల నడుమ అది సరిగా కూర్చుండలేదన్నమాట. మిషను కాలు ఎత్తినపుడు ఆ బిళ్ళలు విడివడును. దారము నప్పుడే ఎక్కించి, కాలు దించిన పిమ్మట లాగి చూడవలెను, బిగువుగా రావలెను. ముడులు పైకి తేలినచో పైబిగువు మిక్కుటమైనదో, బాబిను కేసు స్ప్రింగు క్రింద పీచు చేరి పట్టు సడలినదో యగును.

సూదిని మాత్ర మెవరును అనుమానింపరు. దారము లావై సూది సన్ననిదైనచో బెజ్జము ఇరుకై ముడి అడుగుననే నిలిచిపోవును. మరచీల నెంత త్రిప్పినను వ్యర్థమే. 69 నంబరు నైలాను దారమునకు 18 నంబరు సూది, 138కి 22 లేక 23 వాడుట పరిపాటి.

గుడ్డనైన విప్పి మరల కుట్టవచ్చును. తోలున బడిన బెజ్జము పూడదు. మరల మరల కుట్టినచో తపాలాబిళ్ళ అంచువలె చినుగును. ఆ నష్టము పనివాని కూలిలోనిదే. కావుననే నేర్పరి, అదే మందము గల తోలుముక్కపై ముందు కుట్టి, మరచీలను కొద్దికొద్దిగా త్రిప్పి చూచుకొని గాని అసలు తోలుపై సూది దింపడు.