వేడి ఎటు పోతుంది?
వడదెబ్బ తగిలినవారికి, అప్పుడే పుట్టిన బిడ్డకు ఒకే పాఠం



రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలోని షూనేమీయురాలి కుమారుని సంగతి మనకు తెలిసిందే. కోత కోసేవారి దగ్గరున్న తండ్రి వద్దకు వెళ్లిన ఆ పిల్లవాడు తల నొప్పిగా ఉందన్నాడు. ఇంటికి మోసుకొచ్చాక తల్లి ఒడిలోనే మధ్యాహ్నానికి ప్రాణం విడిచాడు. అది వడదెబ్బే అయి ఉంటుందని బైబిలు వ్యాఖ్యానాలు రాసినవారిలో చాలామంది అభిప్రాయం. ఎలీషా ప్రవక్త ఆ బిడ్డ మీద పడుకున్నప్పుడు ముందుగా తిరిగివచ్చింది ఒంటి వెచ్చదనమే. ఒంట్లో వేడి ఎక్కువైనా ముప్పే, తగ్గినా ముప్పే.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేడి ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో ఇంట్లో ఒక్కరికి తెలిసినా ఇలాంటి మరణాలు కొన్నయినా ఆపవచ్చు. అందుకే బడిలో చదివి మరచిపోయిన ఆ పాఠాన్ని ఈసారి మళ్లీ గుర్తుచేస్తున్నాను.

ఒళ్లు కూడా ఒక పొయ్యే

ఉష్ణగతిక శాస్త్రంలో మొదటి సూత్రం: శక్తి కొత్తగా పుట్టదు, నశించదు, రూపం మారుతుంది. మనం తిన్న సంగటి, అన్నం చివరకు చాలావరకు వేడిగానే మారుతాయి. ఊరికే కూర్చున్న పెద్ద మనిషి ఒంట్లో 100 వాట్ల బల్బు ఇచ్చేంత వేడి పుడుతుంది. బేల్దారి పనిలోనో, మట్టిపనిలోనో ఉంటే అది మూడు నాలుగింతలవుతుంది. ఈ వేడి బయటకు పోకుండా ఆగిపోతే, కూర్చున్న మనిషికి సైతం గంటకు ఒక డిగ్రీకి పైగా ఒంటివేడి పెరుగుతుంది.

రెండో సూత్రం: వేడి తనంతట తాను ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది. నీరు పల్లమెరిగినట్లు, వేడి చల్లదనమెరుగుతుంది.

వేడి నడిచే నాలుగు దారులు

1. ఉష్ణవహనం: తాకితే సోకే వేడి. పెనుకొండ కోటలో మధ్యాహ్నం చెప్పుల్లేకుండా బండమీద అడుగేస్తే తెలుస్తుంది.

2. సంవహనం: గాలితోనో నీటితోనో కొట్టుకుపోయే వేడి. చల్లగాలి ఒంటి వేడిని మోసుకుపోతుంది. వడగాలి తెచ్చి ఒంట్లో పోస్తుంది.

3. వికిరణం: తాకకుండానే దూరంనుంచి వచ్చే వేడి. సూర్యుని వేడి ఇలాంటిదే. రేకుల ఇంట్లో పడుకున్నవారికి పైనుంచి సెగ కొట్టేదీ, పొద్దు గూకిన తర్వాత కూడా కొండ దగ్గర సెగ తగిలేదీ ఇందువల్లనే. మట్టి మిద్దె మందంగా ఉంటుంది కనుక పగటి వేడి లోపలికి దిగేసరికి సాయంత్రమవుతుంది.

4. బాష్పీభవనం: తడి ఆరిపోతూ వేడిని తీసుకుపోవడం. కడవలో నీళ్లు చల్లబడేది ఇలాగే. ఒక లీటరు చెమట ఒంటిమీద ఆరితే సుమారు 580 కిలో కాలరీల వేడి పోతుంది. ఏడు లీటర్ల మామూలు నీళ్లు మరగబెట్టడానికి చాలేంత వేడి అది!

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీల సెల్సియస్. హిందూపురం కాస్త ఎత్తున ఉంది. పల్లానికి ఉన్న ధర్మవరంలో వేసవిలో నీడలోనే 40 దాటే రోజులుంటాయి. అలాంటప్పుడు మొదటి మూడు దారులూ ఎదురు తిరుగుతాయి. బయటి వేడే లోపలికి వస్తుంది. ఇక మిగిలింది చెమట ఒక్కటే.

మన ప్రాంతపు గాలి పొడిగా ఉంటుంది కనుక చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది. చొక్కామీద తెల్లటి ఉప్పు చార మాత్రం మిగులుతుంది. అందువల్ల "నాకు చెమటే పట్టలేదు, నీళ్లెందుకు" అనుకోకండి. దాహం వేయకముందే తాగండి.

పట్టు పనివారు ఇంకొక సంగతి గమనించాలి. హిందూపురం చుట్టుపక్కల రీలింగ్ షెడ్లలో పట్టుగూళ్లు ఉడికే నీళ్ల దగ్గర, ధర్మవరంలో దారానికి రంగులద్దే తొట్ల దగ్గర గాలి నిండా ఆవిరే. బయట పొడి ఎండ ఉన్నా లోపల ఉక్కపోత. చెమట కారుతుంది గాని ఆరదు. ఆరని చెమట వేడిని తీసుకుపోదు. అటువంటి చోట ఆవిరి బయటకు పోయే కిటికీ ఉండాలి, గంటకొకసారి బయటకు వచ్చి కూర్చోవాలి.

వడదెబ్బ తగిలితే

ఎండలోనో, వేడిచోటనో పనిచేసిన మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. ఒంటివేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటితే మెదడు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి.

ముందు చల్లబరచండి. 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా ఊరికే నిలబడవద్దు.

• నీడకు చేర్చి, పైబట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లతో తడపండి. తర్వాత విసరండి, లేదా ఫ్యాను పెట్టండి.

• ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి.

• దారిలో కూడా తడుపుతూనే ఉండండి.

• స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

• పారాసెటమాల్ పనిచేయదు. జ్వరంలో వేడిని పెంచమని మెదడే ఆదేశిస్తుంది, మాత్ర ఆ ఆదేశాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో అటువంటి ఆదేశమే లేదు.

• ఉల్లిపాయ రసం రాస్తూ సమయం పోగొట్టుకోకండి.

గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు పొడి ఒంటిమీద ఫ్యాను పెడితే వేడిగాలి తెచ్చి పోసినట్లే. ముందు తడి, తర్వాత గాలి.

అప్పుడే పుట్టిన బిడ్డకు

ఇప్పుడు ఇదే పాఠాన్ని తిరగేసి చదవండి. పెద్ద సంగటి ముద్ద కన్నా చిన్న ముద్ద త్వరగా చల్లారుతుంది. బరువుతో పోల్చి చూస్తే శిశువు చర్మం పెద్దవారికన్నా రెండింతలకు పైగా ఎక్కువ. అందువల్ల మండే మే నెలలో కూడా బిడ్డ చల్లబడుతుంది. ఉమ్మనీటి తడి ఆరుతూ కొంత, చల్లటి తూకం పళ్లెం తాకి కొంత, ఫ్యాను గాలికి కొంత, చల్లని గోడవైపు కొంత, ఈ నాలుగు దారుల్లోనే వేడి పోతుంది.

పుట్టిన వెంటనే పొడిబట్టతో తుడవాలి, తలకు టోపీ పెట్టాలి, తల్లి రొమ్ముమీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన కప్పాలి. కనీసం 24 గంటలు స్నానం చేయించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మంత్రసాని చెప్పిందనో, అవ్వ చెప్పిందనో మొదటిరోజే నీళ్లు పోయకండి.

బరువు తక్కువ బిడ్డలకు ఈ పద్ధతినే కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో డాక్టర్ ఎడ్గార్ రే దీన్ని మొదలుపెట్టారు. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని ఆపుతుంది, అంతే. ముసలితనంలో దావీదు రాజుకు ఎన్ని బట్టలు కప్పినా వెచ్చదనం రాలేదన్న సంగతి మనకు తెలుసు. చల్లబడిన బిడ్డకు కావలసింది తల్లి ఒంటి వేడి. తల్లికి వీలుకానప్పుడు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఎత్తుకోవచ్చు.

బిడ్డ పొట్ట, పాదాలు తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిది. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే వెంటనే రొమ్ముకు హత్తుకోండి. రెండూ చల్లగా ఉంటే అలాగే హత్తుకుని ఆస్పత్రికి రండి. అలాగని వేసవిలో నాలుగైదు బట్టలు చుట్టి రేకుల గదిలో ఉంచినా బిడ్డకు ఒళ్లు కాలుతుంది.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధుల ఇల్లొకటి, బాలింత ఉన్న ఇల్లొకటి పలకరించి రండి. ఒకచోట కడవలో నీళ్లున్నాయా అని, మరొకచోట బిడ్డ పాదాలు వెచ్చగా ఉన్నాయా అని చూడండి. ప్రభువు మీ కుటుంబాలను కాపాడునుగాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్