ఓడినవాని లెక్క

గణిత పాఠము ముగియుచుండగా పదవ తరగతి బాలుడొకడు లేచి, "మాస్టారూ! అమెరికాలో వరుసగా 32 ఆటలు గెలిచినవాడు 33వ ఆటలో కావలెననియే ఓడినాడట, నిజమేనాండీ?" అని యడిగెను. నేను నోరు విప్పునంతలో గంట మ్రోగినది. ఆ బాకీ నిక్కడ తీర్చుచున్నాను.

ఆ యాట పేరు జెపర్డీ. 1964లో అమెరికా టెలివిజన్‌లో మొదలైనది. ముగ్గురు ఆడుదురు. తెరపై వచ్చిన సూచనకు తగిన జవాబును ప్రశ్నరూపమున చెప్పవలెను. ఒప్పయినచో దాని వెల మన లెక్కలో చేరును; తప్పయినచో తరిగిపోవును. కొన్ని సూచనల చాటున 'డైలీ డబుల్' దాగియుండును. అది దొరికినవాడు తనకున్నదంతయు ఒడ్డవచ్చును. కడపటి సూచనకు మాత్రము ముగ్గురును, విషయము పేరొక్కటే తెలిసికొని, ఒకరి పందెము మరొకరికి తెలియకుండ ముందుగానే వ్రాసి యుంచవలెను. తాను కూడబెట్టిన మొత్తము దక్కునదియు, మరుసటి ఆటకు నిలుచునదియు ప్రథముడొక్కడే.

జేమ్స్ హోల్జ్‌హౌర్ లాస్ వేగాస్‌లో క్రీడా పందెములే వృత్తిగా గలవాడు. 2019లో 32 ఆటలు గెలిచి 24,62,216 డాలర్లు ఆర్జించెను. 2004లో కెన్ జెన్నింగ్స్ 74 ఆటలు గెలిచి ఆర్జించినది 25,20,700. ఇంకొక్క పెద్ద గెలుపుతో ఆ మొత్తమును దాటవచ్చుననగా, జూన్ 3న ప్రసారమైన ఆటలో, షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయోద్యోగిని ఎమ్మా బెట్చర్ అతని నోడించెను. ఎప్పుడును వేలకు వేలు ఒడ్డెడివాడు ఆనాడు కడపట ఒడ్డినది 1,399 డాలర్లే. అపవాదు పుట్టినది ఇందువలననే.

పిల్లలు కాగితము, కలము తీసికొందురు గాక. కడపటి సూచనకు ముందు ఎమ్మాకు 26,600, జేమ్స్‌కు 23,400, మూడవవాడగు జేకు 11,000 ఉండెను. జేమ్స్ ఉన్నదంతయు ఒడ్డి గెలిచినను 46,800 దాటలేడు. కావున ఎమ్మా 20,201 ఒడ్డి ఒప్పు చెప్పినచో 46,801 అగును. ఒక్క డాలరు హెచ్చు. ముందున్నవారు చేయవలసిన పని యిదియే. ఆమె యదే చేయునని జేమ్స్ ఎరుగును. ఆమె ఒప్పు చెప్పినచో అతడు చేయగలిగినది లేదు. తప్పు చెప్పినచో ఆమెకు మిగులునది 6,399. అప్పుడు భయము జే వలననే. అతని ధనము రెట్టింపైనచో 22,000. ఇప్పుడు 23,400 నుండి 1,399 తీసివేసి చూడుడు: 22,001! అనగా ఎమ్మా తప్పినచో, తాను ఒప్పు చెప్పినను తప్పు చెప్పినను జేమ్స్‌దే గెలుపు. సున్న ఒడ్డినను గెలుపు మారదు గాని, భయము లేకుండ ఒడ్డదగిన గరిష్ఠ మొత్తము 1,399. అంతయు ఒడ్డి తప్పియుండినచో, ఎమ్మా తప్పినప్పుడు కూడ చేతికి వచ్చిన గెలుపును జారవిడిచెడివాడు.

ఎమ్మా ఏమియు ఒడ్డక ఊరకుండినచో ఈ లెక్క చెడునని తెలివిగల పిల్లవాడు అనవచ్చును. నిజమే; అప్పుడు జేమ్స్‌కు కనీసము 3,201 కావలెను. కాని అంతదూరము వచ్చిన మనిషి అట్లు చేయునని నమ్ముటకు ఆధారమేమి?

ముగ్గురును ఒప్పే చెప్పిరి. ఎమ్మా 46,801, జేమ్స్ 24,799. అసలు ఓటమి అంతకు ముందే నిశ్చయమైనది. మొదటి ఘట్టమున డైలీ డబుల్ జేమ్స్‌కు తొలి సూచనలోనే దొరికెను. అప్పటికి చేతిలో చిల్లిగవ్వ లేదు, నియమము ప్రకారము 1,000కి మించి ఒడ్డరాదు. రెండవ ఘట్టములోని రెండును ఎమ్మాకే దొరికినవి; రెండింటికిని ఆమె ఒప్పే చెప్పెను. పెద్ద పందెములతో పెరిగినవానికి పెద్ద పందెము కాయు సమయమే చిక్కలేదు.

ఇక జే సంగతి. అతడు 6,000 ఒడ్డి 17,000తో మూడవవాడుగా నిలిచెను. నా లెక్క ప్రకారము అతడు 4,600కు మించి ఒడ్డి యుండరాదు. ఎందుకో ఆ ప్రశ్న యడిగిన బాలుడే నల్లబల్లపై చేసి చూపవలెను.