పాతబస్తీ గొంతుక

పాటగాడు కావలెనని ఫిలింనగర్ వీధులలో తిరుగు యువకులకు కొదువ లేదు. వారిలో రాహుల్ సిప్లిగంజ్ త్రోవ వేరు. ఇతడు 1989లో హైదరాబాదు పాతబస్తీలో జన్మించినాడు. తండ్రి క్షౌరశాల నడుపుచుండెడివారు. కుమారుని అభిరుచిని గ్రహించి, ఆయన గజల్ విద్వాంసుడు పండిత విఠల్‌రావు చెంత శిష్యునిగా చేర్చినారు. ఒకవైపు దుకాణములో తండ్రికి తోడ్పాటు, మరొకవైపు సాధన. గజల్‌లో ప్రతి మాటకు ఊపిరి సరితూచి ఇయ్యవలెను. మాట నలిగినచో భావము నలుగును. కేకవలె తోచు ఇతని పాటలలో సైతము అక్షరము స్పష్టముగా నిలుచుటకు ఆ శిక్షణయే కారణమని నా అభిప్రాయము.

2009లో 'జోష్' చిత్రమున పాడినాడు. జూబిలీహిల్స్ తలుపులు ఒక్క పాటతో తెరుచుకొనునా? ఇతడు వేచి కూర్చుండక, తన పాటలు తానే కట్టి, చిత్రీకరించి యూట్యూబులో పెట్టినాడు. 'గల్లీ కా గణేశ్' వంటి ఆ పాటల నుడి తెలుగు, దక్కనీ ఉర్దూ కలగలిసిన గల్లీ నుడి. కొన్ని మాటలు తరగతిలో ఉచ్చరింపదగినవి కావు సుమా! ఐనను, మన చిత్రములు బహుకాలము హాస్యగాండ్రకు, ప్రతినాయకులకు వదలిన యాసలో నాయకునివలె నిలిచి పాడుట చిన్న సంగతి కాదు.

2018లో 'రంగస్థలం' పాట, 2019లో బిగ్‌బాస్ విజయము పేరు తెచ్చినవి. పిమ్మట 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రములోని 'నాటు నాటు'. చంద్రబోస్ రచనకు కీరవాణి స్వరము కూర్చగా, కాలభైరవతో కలిసి పాడినాడు. 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లోని ఆస్కార్ వేదికపై ఆ ఇద్దరే మరల పాడిరి. ప్రతిమలు మాత్రము రచయితకు, స్వరకర్తకు దక్కినవి. ఆ బహుమానములో గాయకులకు భాగము లేదు. ఆ రాత్రి పాట తెలుగులోనే సాగినది.