వికెట్ల వెనకాల నిలబడ్డ గుంటూరు కుర్రాడు

కూరలో ఉప్పు సరిపోయిన రోజున ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తరు. ఒక్క చిటికెడు తక్కువైందా, విస్తరి ముందు కూర్చున్న ప్రతివాళ్లకీ నోరు లేస్తుంది! క్రికెట్‌లో వికెట్ కీపర్ గతి కూడా అచ్చం ఇంతే. రోజంతా వంద బంతులు పట్టినా చప్పట్లుండవు. ఒక్క క్యాచ్ జారిందంటే మాత్రం దేశమంతా తిడుతుంది.

మగవాళ్లూ పిల్లలూ టీవీ ముందు కూర్చున్నప్పుడు మీరు కూడా ఓ కన్ను వేసే ఉంటారు. ఈసారి కీపర్ వంక చూడండి. ప్రతి బంతికీ గొంతుక్కూర్చుని లేస్తాడు. టెస్టు మ్యాచ్‌లో రోజుకి 90 ఓవర్లు, అంటే 540 బంతులు. లెక్కకి 540 గుంజీళ్లన్నమాట!

అలాంటి పని చేసి, తర్వాత పదిమందిని తయారుచేసే పనిలోకి వెళ్లిన మన తెలుగు మనిషి ఎమ్మెస్కే ప్రసాద్. పూర్తి పేరు మన్నవ శ్రీకాంత్ ప్రసాద్. 1975 ఏప్రిల్ 24న గుంటూరులో పుట్టారు.

ఆరంటే ఆరు టెస్టులు

ఆయన 1998లో మొహాలీలో బంగ్లాదేశ్ మీద తొలి వన్డే ఆడారు. 1999 అక్టోబరులో అదే ఊళ్లో న్యూజిలాండ్ మీద మొదటి టెస్టు. ఆ టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 83 పరుగులకే చాపచుట్టేశారు. ఎలాగో కోలుకుని మ్యాచ్ డ్రా చేసుకున్నారనుకోండి. ఆ ఏడాది చివర్లో జట్టు ఆస్ట్రేలియా వెళ్లింది. మూడు టెస్టులూ ఓడిపోయి వచ్చింది. 2000 జనవరిలో సిడ్నీలో ఆడిందే ప్రసాద్‌కి ఆఖరి టెస్టు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా నిండలేదు.

మొత్తం ఆరు టెస్టులు, 106 పరుగులు, 15 క్యాచ్‌లు. వన్డేలు 17. అంతే!

అక్కడితో కుంగిపోయి కూర్చుంటే ఈ వ్యాసమే లేదు. ఆయన తిరిగొచ్చి ఆంధ్ర జట్టుకి రంజీల్లో ఆడారు, కెప్టెన్‌గా నడిపించారు. ఆట మానేశాక ఆంధ్ర క్రికెట్ సంఘంలో క్రికెట్ వ్యవహారాల డైరెక్టర్ అయ్యారు. పిల్లలకి శిక్షణ ఎలా ఇవ్వాలి, ఎవరిని పైకి తేవాలి అన్నది చూసే ఉద్యోగం.

తిట్లు తినే కుర్చీ

2016 సెప్టెంబరులో ఆయన భారత జట్టు సెలెక్షన్ కమిటీకి అధ్యక్షుడయ్యారు. 2020 మార్చి దాకా ఉన్నారు. "ఆరు టెస్టులాడినవాడు కోహ్లీని, ధోనీని ఎంచుతాడా?" అని ఎద్దేవా చేసినవాళ్లకి లెక్కలేదు. 2019 ప్రపంచ కప్పుకి సాటి గుంటూరువాడైన అంబటి రాయుడిని తీసుకోకపోవడంతో సొంత ఊరివాళ్లకీ కోపం వచ్చింది. విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని ప్రసాద్ చెప్పిన కారణం కాస్తా "త్రీ-డీ" అని జనం నోళ్లలో పడింది. రాయుడి అభిమానులు ఈనాటికీ ఆ మాట మరచిపోలేదు. వాళ్ల బాధలోనూ న్యాయం లేకపోలేదు.

కానీ రెండోవైపు కూడా చూడాలి కదా! అదే ఏడాది జనవరిలో మన జట్టు ఆస్ట్రేలియా గడ్డమీద మొట్టమొదటిసారి టెస్టు సిరీస్ గెలిచింది, 2-1 తేడాతో. ఆ జట్టుని ఎంచింది ప్రసాద్ కమిటీయే. చివరి టెస్టు సిడ్నీలోనే జరిగింది. కుర్ర కీపర్ రిషభ్ పంత్ అక్కడ 159 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఆస్ట్రేలియాలో సెంచరీ కొట్టిన మొదటి భారత కీపర్ అతనే. పందొమ్మిదేళ్ల కిందట తన ఆట ఏ ఊళ్లో ముగిసిందో, అక్కడే తాను ఎంచిన కుర్రాడు చరిత్ర సృష్టించడం ఎంతమందికి దక్కే భాగ్యం?

అమెరికాలోనూ ఇలాంటి ముచ్చటే ఒకటుంది. అక్కడి బేస్‌బాల్‌లో కీపర్‌లాంటివాణ్ని క్యాచర్ అంటారు. బ్రూస్ బోచీ అనే ఆయన తొమ్మిది సీజన్లు ఆడినా ఎక్కువగా రెండో క్యాచర్‌గానే ఉండిపోయాడు. తర్వాత మేనేజరై తన జట్లకి 2010, 2012, 2014, 2023లలో నాలుగు ప్రపంచ టైటిళ్లు సాధించిపెట్టాడు. వెనకాల కూర్చున్నవాడికే ఆట మొత్తం కనబడుతుంది మరి!

మన దారిలోనే మూలపాడు

జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ, కంచికచర్ల దాటి బెజవాడ వెళ్తుంటే ఇబ్రహీంపట్నం రాకముందే మూలపాడు వస్తుంది. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానాలు అక్కడున్నాయి. 2016 నవంబరులో వెస్టిండీస్ ఆడవాళ్ల జట్టు అక్కడికొచ్చి ఆడింది. మూడు వన్డేలూ మిథాలీ రాజ్ జట్టు గెలిస్తే, మూడు టీ-20లూ వాళ్లు గెలిచారు. మన బెజవాడ అమ్మాయి సబ్బినేని మేఘన భారత జట్టులోకి అడుగుపెట్టింది ఆ టీ-20లతోనే. 2025లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసింది.

"ఆడపిల్లకి బంతాటేంటమ్మా, రేపు పెళ్లి కావద్దూ?" అనేవాళ్లు నందిగామలోనూ ఉన్నారు, పేటలోనూ ఉన్నారు. మీ అమ్మాయి అడిగితే ఒక్కసారి పంపించి చూడండి. జట్టులోంచి తీసేసినా జీవితం ఆగిపోదని ప్రసాద్ కథ చెబుతూనే ఉందిగా!

మీ పిల్లలు కీపింగ్ చేస్తుంటే...

* బంతి పట్టేటప్పుడు వేళ్లు కిందికో, పైకో, పక్కకో ఉండాలి. బంతికి ఎదురుగా చాస్తే విరుగుతాయి.
* గ్లౌజుల లోపల పల్చటి నూలు గ్లౌజులు వేయించండి. చెమట పీల్చుకుంటాయి. వాటిని రోజూ ఉతకండి.
* తోలు గ్లౌజులు తడిస్తే ఎండలో పెట్టకండి, బిరుసెక్కుతాయి. నీడలో, గాలికి ఆరనివ్వండి.
* స్టంపుల దగ్గర నిలబడితే హెల్మెట్ తప్పనిసరి. "ఉక్కగా ఉందమ్మా" అని గునిసినా వినకండి!
* ఆటకి వెళ్లేటప్పుడు సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ, రెండు అరటిపళ్లు ఇవ్వండి.