చరణాయుధము - పండుగ విందు

ఇంగ్లీషు వంట పుస్తకములను తిరుగవేయు చదువరులకు ‘గేమ్ హెన్’ అను మాట తరచుగా కనబడును. పండుగనాటి విందులో చిన్న కోడిని ముక్కలు చేయక, బంగారు చాయ వచ్చువరకు కాల్చి, ఒక్కొక్క అతిథి పళ్లెమున ఒక్కొక్కటి నిండుగా పెట్టుట ఆ దేశముల మర్యాద. నిఘంటువు చేతబట్టిన విద్యార్థి ‘గేమ్’ అనగా వేట యనియు, ‘హెన్’ అనగా పెట్ట యనియు చూచి, ఇది అడవిలో వేటాడి తెచ్చిన కోడిపెట్ట కాబోలునని అర్థము చెప్పుకొనును. ఆ అర్థము రెండు విధముల తప్పు. ఆ పక్షి అడవి నెరుగదు. ఫారములో పుట్టి ఫారములోనే పెరిగినది. అది పెట్టయే కానక్కరలేదు, పుంజైనను చెల్లును. అయిదు వారముల వయస్సు దాటక, శుభ్రము చేసిన పిదప రెండు పౌనులకు, అనగా సుమారు 900 గ్రాములకు మించక యున్నచో అమెరికా ప్రభుత్వపు నిబంధనలు దానికా పేరును అంగీకరించుచున్నవి. పూర్తి పేరు ‘కార్నిష్ గేమ్ హెన్’. ఈ మూడు మాటలలో నడిమి మాటను పట్టుకొని వెనుకకు నడచినచో దారి అట్లాంటిక్ సముద్రము దాటి, ఇంగ్లండు దాటి, మన దేశపు పెరళ్లలోనికి వచ్చి ఆగును.

ఇంగ్లండునకు నైఋతి మూలనున్న సీమ కార్న్‌వాల్. అచటివాడైన సర్ వాల్టర్ గిల్బర్ట్ ఈస్టిండియా కంపెనీవారి బెంగాలు సైన్యములో చిరకాలము పనిచేసి సేనాధిపతియై, 1853లో మరణించెను. ఆయన 1820 ప్రాంతమున మన దేశపు అసీలు కోళ్లను ఇంగ్లీషు పందెపు కోళ్లతో సంకరము చేసి క్రొత్త జాతిని పుట్టించెనని కోళ్ల పెంపకపు చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మలయా కోళ్ల నెత్తురును అందు కలిసినది. ఆ జాతికి అక్కడివారు పెట్టిన పేరు ‘ఇండియన్ గేమ్’. ఇచట ‘గేమ్’ అనగా వేట కాదు, పందెము. పోరునకై పుట్టించిన ఆ కోడి పోరునకు పనికిరాలేదు. రొమ్ము వెడల్పై, కాళ్లు పొట్టివై, బరువు పెరిగి బరిలో ఓడినది. కాని విందు బల్లపై గెలిచినది.

‘అసీలు’ అరబ్బీ మాట. మేలిజాతిది, మూలము చెడనిది అని అర్థము. అప్పుపత్రములలో ‘అసలు, వడ్డీ’ అని మనము వ్రాసికొను అసలునకును ఇదే ధాతువు. ఈ జాతికి పుట్టిల్లుగా చెప్పు ప్రాంతములలో మన ఆంధ్రదేశ మొకటి. ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సవల అని మనవారు విడదీసి పిలుచునది చాలవరకు ఈ కోళ్లనే. బడిపిల్లవానికి వ్యాకరణము పట్టుబడకపోవచ్చును గాని, సంక్రాంతి దగ్గరపడినప్పుడు డేగకును నెమలికిని గల భేదమును వాడు ఉపాధ్యాయునికే బోధింపగలడు.

అమరకోశము కోడికి చెప్పిన పర్యాయపదములలో ‘చరణాయుధము’ ఒకటి. కాళ్లే ఆయుధములుగా గలదని వ్యుత్పత్తి. ఇంగ్లీషువాని ‘గేమ్’ అను విశేషణము నింతకంటె చక్కగా తెనిగింపలేము. దండి దశకుమారచరిత్రమున ప్రమతి కథలో నారికేళజాతి కోడికిని బలాకజాతి కోడికిని పోరు జరుగును. దండి గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనుగు చేసెను. క్రీడాభిరామములో ఓరుగంటి వీధులలోని కోళ్ల పోరాట మున్నది. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడు రాజ్యమును కోల్పోయినది కోడిపందెము మీదనే గదా! మన సాహిత్యములో కోడి వంటయింటికంటె ముందు బరిలోనే నిలిచినది. నేడు ఆ బరి శాసనవిరుద్ధము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి జూదపు చట్టమును పందెములను నిషేధించుచున్నవి; 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు వానిని ఆపవలసినదని మరల ఆదేశించినది. అయినను పుష్యమాసమున తోటలలో ఏమి జరుగుచున్నదో ఈ జిల్లా పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఇండియన్ గేమ్ అమెరికా చేరిన పిదప దాని పేరు మారినది. మొదట ‘కార్నిష్ ఇండియన్ గేమ్’ అనిరి. 1910 నాటికి ‘ఇండియన్’ మాట జారిపోయి ‘కార్నిష్’ మిగిలినది. 1948లో అచట ‘రేపటి కోడి’ అను పేర దేశవ్యాప్తమైన పోటీ జరిగినది. కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్ పెంచిన కోళ్లకు ప్రథమ బహుమతి వచ్చెను. అవి కార్నిష్, న్యూహాంప్‌షైర్ జాతుల సంకరములు. 1950 దశకమున కనెక్టికట్ రాష్ట్రములో జాక్, ఆల్ఫోన్సిన్ మకావ్‌స్కీ దంపతులు కార్నిష్ సంకరమును పసితనముననే కోసి ‘గేమ్ హెన్’ అను పేర అమ్మి ప్రసిద్ధికి తెచ్చిరి. ఇక నేటి బ్రాయిలరు కోడికి తండ్రివైపు వంశము కార్నిష్‌దే. మన దేశములో 1971లో తెలుగువాడైన బండా వాసుదేవరావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తరువాత ఫారపు కోడి ఊరూరికి చేరినది. కావున నేడు మైలవరము సంతవీధిలో తెల్లని బ్రాయిలరును తూకము వేయించుకొను గృహస్థు తాను విదేశపు కోడిని కొనుచున్నానని అనుకొన్నను, దాని ఒంటిలో మన పందెపు పుంజు నెత్తురు బొట్టు కొంత యున్నది. రెండు వందల యేండ్ల దేశాటనము చేసి, పేరు పోగొట్టుకొని, ఇల్లు చేరిన చుట్టము వంటిదది.

అట్లయినచో ఆ పిల్లకోడిని నిండుగా కాల్చి వడ్డించు వంటకము మన ఇండ్లలో ఏల పుట్టలేదు? పొయ్యి లేకనా? కాదు; కోడి వయస్సును బట్టి. మన ఇంట కోడి పని చేసి చేసి, చివరకు కుండ కెక్కును. పెట్ట గ్రుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను లేపి, ఇక పెట్టదని తేలిన పిదప. పుంజు బరిలో పడిన పిదప. రెండు మూడేండ్లు తిరిగిన కాలి కండరములలో కొల్లాజెన్ అను మాంసకృత్తు పేనిన త్రాడువలె బిగిసియుండును. పొడి సెగకు అది బిగియునే గాని లొంగదు. నీటిలో గంటల తరబడి ఉడికిననే కరగి జిగురగును. అందుచేత నాటుకోడి పులుసు మన వంటయైనది. కనుమనాడు మినపగారెలు ముంచుకొని తినుటకు ఆ జిగురు పులుసును మించినది లేదు. లేతకోడిలో ఆ త్రాళ్లింకను పేనుకొనలేదు. దానిని పులుసులో వేసినచో పీచై విడిపోవును, సెగను కాల్చినచో రసము నిలుచును. ముదురుకోడిని కాల్చుటయు, లేతకోడిని గంటలకొద్ది ఉడికించుటయు ఒకేరకపు అపచారము.

భాషలో మాత్రము మనకు లోటు లేదు. వంకాయను మంటపై కాల్చుదుము. కూరను మూకుడులో వేచుదుము. చిలగడదుంపను నివురుగప్పిన నిప్పులో, అనగా కుమ్ములో, పెట్టుదుము. హోటళ్లవారు ‘రోస్టు’ అని పెట్టునది నిజమునకు వేపుడు. ఇంగ్లీషువాడు మూసిన పొయ్యిలో చేయుపనికి మన మాట ‘కుమ్ము’. ఆ మాట యున్నచోట ఆ పనియు సాధ్యమే.

కోడిని ఎన్నుకొనుట మొదటి పని. మైలవరము డెల్టాభూమి కాదు; కొండలు, మామిడితోటలు గల మెట్ట. ఈ ప్రాంతపు ముసలివారు కౌజులు, పూరేళ్లు తిన్న రోజులను రుచిగా చెప్పుకొందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో అడవి పిట్టల వేట ముగిసినది. దానిని పండుగ పేర మరల తెరువరాదు. పిట్టమాంసమే కావలెనన్నవారికి 1974లో కాలిఫోర్నియానుండి తెచ్చి మన దేశములో పెంపకము చేసిన జపాను పూరేడు ఫారములలో దొరకును. నా మతమున ఈ వంటకు తగినది పెరటి కోడిపుంజు పిల్ల. గ్రుడ్లు చితుకగా పుట్టినవానిలో సుమారు సగము పుంజులే. మందకు ఒకటి రెండు చాలును. తక్కినవి రెండుమూడు నెలలు నిండగనే తమలో తాము పొడుచుకొనుచు పెరడును రణరంగము చేయును. ముప్పాతిక కిలో తూగు ఆ వయస్సులో వానిని విందునకు తీసికొనినచో పెట్టలు మిగులును, మంద నిలుచును. పెట్టపిల్లను కోసికొనుట మాత్రము విత్తులు దంచి వండుకొనుటయే. అసీలు పెట్ట గ్రుడ్లు తక్కువగా పెట్టును గాని, పొదుగుటలోను, పిల్లలను కాచుటలోను దానికి సాటి లేదు. ఇల్లాలి చేతి చిల్లర డబ్బు చిరకాలము దాని రెక్కల క్రిందనే పెరిగినది. కొక్కెర తెగులు ఒక్కసారి వచ్చినచో పెరడు తుడిచిపెట్టుకొని పోవును. టీకా వేయించుట మరువరాదు. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్లకై వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. పెరటి కోడి దొరకనివారు చిన్న బ్రాయిలరు కొనవచ్చును.

దుకాణదారు అలవాటుగా “తోలు తీసేయనా అమ్మా?” అని అడుగును. “ఉంచు నాయనా, ఈకలు మాత్రం శుభ్రంగా తీయి” అని చెప్పవలెను. తోలు లేని కోడి కాల్చుటకు పనికిరాదు. రసమును కాపాడు కోట అదే. మన పల్లెలలో నాటుకోడిని ఎండుగడ్డి మంటపై త్రిప్పి, నూగు కాల్చి, పసుపు పూసి కడుగుదురు. ఆ పొగవాసన ఈ వంటకు సగము బలము. కిలోకు రెండు చిన్న చెంచాల ఉప్పు లోపల, వెలుపల రుద్ది రాత్రి ఫ్రిజ్‌లో ఉంచవలెను. ఉప్పు లోనికి దిగుటకును, తోలు ఆరుటకును ఆ రాత్రి కావలయును.

మరునాడు అల్లము, వెల్లుల్లి, వేయించిన ధనియాలు, గసగసాలు, రెండు లవంగములు, తగినంత ఎండుకారము నేతితో మెత్తగా నూరి, రొమ్ముపైనున్న తోలును వ్రేళ్లతో మెల్లగా వదులు చేసి దాని క్రింద పూయవలెను. తోలుపై మసాలా వేసినచో మాడిపోవును. అక్కడ పసుపు, నెయ్యి చాలును. కడుపులో నాలుగు చిన్న ఉల్లిపాయలు, గుప్పెడు కరివేపాకు పెట్టి, కాళ్లు రెండును నూలు దారముతో కట్టవలెను.

అడుగు మందముగల కళాయి గుండిగలో నేయి కాచి, కోడిని అన్ని ప్రక్కల ఎరుపెక్కించి తీయవలెను. అదే గుండిగలో బంగాళాదుంప చక్రములు, ఉల్లి చక్రములు పరచి, కోడిని రొమ్ము పైకుండునట్లు వానిపై పెట్టి మూతపెట్టవలెను. ఇక కుమ్ము. తుమ్మబొగ్గుల నిప్పు క్రింద కొద్దిగా, మూతపై ఎక్కువగా. ఈ పాళ్లు తారుమారైనచో దుంపలు బొగ్గగును, కోడి పాలిపోవును. చివరి పదినిమిషములు మూతను కొంచెము వారగా ఉంచినచో ఆవిరి పోయి తోలు కరకరలాడును. ముప్పాతిక కిలో కోడికి సుమారు గంట పట్టును. ఓవెన్ గలవారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఏబది, అరువది నిమిషములు ఉంచవచ్చును. తొడ మందములో సూది గ్రుచ్చినపుడు ఊరు రసము ఎరుపులేక తేటగా నుండవలెను. ఉష్ణమాపకమున్నచో అచట 74 డిగ్రీలు చూపవలెను. దించిన వెంటనే కోయరాదు. పదినిమిషములు ఆగినచో రసము కండలో కుదురుకొనును.

వడ్డనలో నాకొక ఆలోచన తోచుచుండును. మన పులుసు కుండలో ముక్కలకు తారతమ్యము కలదు. తొడ అల్లుడుగారికి, రొమ్ముముక్కలు మగవారికి, కందనకాయ, కార్జము పిల్లలకు. వండిన ఇల్లాలు చివర కూర్చుండునప్పటికి మెడ, వెన్ను, అడుగు పులుసు మిగులును. “నాకు మెడే ఇష్టం” అని ఆమె చెప్పును, అందరు నమ్ముదురు. కాల్చిన కోడిని వెన్ను వెంబడి నిలువునా చీల్చినచో సరిగా రెండు సమభాగములు. అన్నముతో తినువారికి సగము చాలును. తినువారు ఎనిమిదిమంది అయినచో నాలుగు కోళ్లు. ఆ లెక్కలో వండినవారిని చేర్చియే సంతకు పోవలయును. ప్రతి భాగమునకు ఒక తొడ, ఒక రెక్క, సగము రొమ్ము. ఇందు మెడను ఇష్టపడవలసిన అవసరము ఎవరికిని రాదు. పరదేశపు మర్యాదలన్నియు మనకు తగవు గాని, ఈ యొక్క లెక్క మన వంటయింటికి రాదగినది.

గుండిగ అడుగున కోడి రసము, నేయి పీల్చిన దుంపలున్నవి. అన్నములో కలుపుకొనుటకు అవి చాలును, వేరు కూర అక్కరలేదు. మిగిలిన వెన్నెముకలను పారవేయక, మిరియములు, అల్లము దంచి వేసి రెండుగంటలు సన్నని సెగపై కాచి వడగట్టినచో, జనవరి మంచులో దగ్గుచున్న పిల్లలకు మరునాటి ఉదయము వేడివేడిగా ఇచ్చుటకు చారు సిద్ధము.